తాళము ఎవరి చేతిలో నున్నది?



నాకు అప్పగింపబడిన విషయము, అనేక ప్రాసెసులు ఏకకాలమున ఒకే డేటాబేసులో వ్రాయబూనినప్పుడు పుట్టు లాకు దోషములు, వాని నిదానము, వాని చికిత్స. మన వృత్తిలో నున్నవారిలో ‘డేటాబేస్ ఈజ్ లాక్‌డ్’ అను వాక్యమును ఎన్నడును చూడనివారు అరుదు. ఆ వాక్యము లాగులో కనబడినంతనే, ఏ ప్రోగ్రాము దానిని వ్రాసినదో ఆ ప్రోగ్రామునే తెరచి, అందలి పంక్తులను మొదటినుండి తుదివరకు శోధించుట మనకు పరిపాటి యైనది. నేను నేడు చెప్పదలచినది ఈ పరిపాటికి విరుద్ధమైనది. మొరపెట్టుకొను ప్రాసెసు వేరు, ఆ మొరకు కారణమైన ప్రాసెసు వేరు. మొదటిది తన వంతు కొరకు నిరీక్షించి, గడువు తీరిన పిమ్మట లోపమును ప్రకటించి వెనుదిరిగినది. రెండవదియో, ఏ లోపమును ప్రకటింపక, ఏ లాగులోను ఒక్క అక్షరమైనను వ్రాయక, లాకును చేత పట్టుకొని మరేదో పనిలో మునిగియున్నది. కేకవేసిన చోట వెదకినంత కాలము మనకు దొరకునది బాధితుడే గాని కారకుడు కాడు.

అసలు లాకు ఏల కావలసివచ్చెనో ముందుగా స్మరించుకొనుట మంచిది. ఏలయనగా లాకును విఘ్నముగా భావించువాడు దానిని తప్పించుకొను మార్గములు వెదకును గాని, దానిని సక్రమముగా వాడుకొను మార్గము వెదకడు. ఒక పాడిరైతు ఖాతాలో 1,240 రూపాయల నిలువ యున్నదనుకొందము. ఉదయము పోసిన పాలకు 310 రూపాయలు జమచేయవలసిన ప్రాసెసు ఆ 1,240ని చదివినది. అదే క్షణమున, దాణా బాకీ క్రింద 500 రూపాయలు తగ్గింపవలసిన ప్రాసెసు కూడ ఆ 1,240నే చదివినది. మొదటిది కూడిక చేసి 1,550 అని వ్రాసినది. దాని వెనువెంటనే రెండవది తీసివేత చేసి 740 అని వ్రాసినది. ఉండవలసిన నిలువ 1,050. రెండు ప్రోగ్రాములును విడివిడిగా చూచిన నిర్దుష్టములే. రెండింటి గణితమును సరియైనదే. అయినను రైతు పోసిన పాల ధర 310 రూపాయలు గాలిలో కలిసిపోయినవి. ఎవరికిని ఏ దోషవాక్యమును కనబడలేదు. లాకు దోషమును చూచి విసుగుకొనువారు, ఆ దోషము రాకపోయియుండిన ఏమి జరిగెడిదో ఒక్కసారి తలచుకొనవలెనని నా విన్నపము.

ఈ సమస్యకు శాస్త్రీయ రూపమిచ్చినవారిలో అగ్రగణ్యులు, ఐబీఎం వారి శాన్‌హోసే పరిశోధనశాలకు చెందిన ఎస్వరన్, గ్రే, లోరీ, ట్రైగర్ అను నలుగురు. ట్రాన్సాక్షను తనకు వలసిన లాకులను సంపాదించుకొను దశ యొకటి, వానిని విడిచిపెట్టు దశ యొకటి యుండవలెననియు, ఒక్క లాకునైనను విడిచిన పిమ్మట క్రొత్తదానిని కోరరాదనియు 1976లో ప్రకటించిన వ్యాసమున వారు ప్రతిపాదించిరి. ఈ నియమమునుండి ఆచరణలో ఫలించినది, నేటి చర్చకు మూలాధారమైనది యేమనగా, వ్రాతకై పట్టిన లాకు ట్రాన్సాక్షను ముగియువరకు చేతిలోనే యుండును. వ్రాత క్షణములో జరిగిపోయినను సరే, కమిట్ అనువరకు లాకు విడువబడదు. కాబట్టి లాకు ఎంతకాలముండునో నిర్ణయించునది డేటాబేసు గాదు. ట్రాన్సాక్షనును ఎప్పుడు తెరచి ఎప్పుడు మూయవలెనో వ్రాసిన ప్రోగ్రామరు.

విషయమును ప్రత్యక్షముగా చూపుటకు నేను ఎస్‌క్యూలైట్‌ను ఎన్నుకొనుచున్నాను. మన జేబులలోని ఫోన్లలోను, బ్రౌజర్లలోను, దుకాణముల బిల్లు యంత్రములలోను నిరంతరము పనిచేయునది అగుట యొక కారణము. దాని లాకు విధానము కంటికి కనబడునంత సరళమైనదగుట అంతకంటె ముఖ్యమైన కారణము. దీని నిర్మాత రిచర్డ్ హిప్ గారు అమెరికా నౌకాదళపు యుద్ధనౌకకు సంబంధించిన సాఫ్ట్‌వేరు పనిలో నుండగా, డేటాబేసు సర్వరు నడవని వేళల తమ ప్రోగ్రామును నిలిచిపోవుట చూచి, సర్వరు లేకయే ఫైలును సూటిగా చదివి వ్రాయు డేటాబేసు ఏల ఉండరాదని తలపోసి, 2000వ సంవత్సరమున దీనిని వెలువరించిరి. సర్వరు లేకపోవుట యెంత సౌకర్యమో, అంత బాధ్యత కూడ. మధ్యవర్తి లేడు గనుక, ఎవరు ముందు ఎవరు వెనుక యను నిర్ణయము ప్రాసెసులు తమలో తామే, ఆపరేటింగు సిస్టము ఇచ్చు ఫైలు లాకుల మూలమున చేసికొనవలెను. ఒక గ్రామమునకు ఒకే కవిలెకట్ట, ఒకే కలము ఉన్నట్లు, ఈ ఫైలును చదువువారెందరైనను ఉండవచ్చును గాని, ఏ క్షణమునను వ్రాయువాడు ఒక్కడే.

ఆ లాకుల స్వరూపము చిత్రమైనది. డేటాబేసు ఫైలు ఆరంభమునుండి సరిగా ఒక గిగాబైటు దూరమున 512 బైట్ల చోటు ఇందుకై కేటాయింపబడియున్నది. అందు మొదటి బైటు పెండింగ్ లాకునకు, రెండవది రిజర్వ్‌డ్ లాకునకు, మిగిలిన 510 బైట్లు చదువరులు పట్టు షేర్డ్ లాకునకు. ఆ చోట ఏ సమాచారమును ఎన్నడును వ్రాయబడదు. మన ఫైలు పది మెగాబైట్లే అయి, ఆ బైట్లు ఇంకను పుట్టకపోయినను, లేని చోటు మీద లాకు వేయుటకు ఆపరేటింగు సిస్టము అభ్యంతరము చెప్పదు. వ్రాయదలచినవాడు మొదట షేర్డ్ పట్టి, పిదప రిజర్వ్‌డ్ పట్టి, మార్పులను సిద్ధము చేసికొని, కమిట్ సమయమున పెండింగ్ పట్టి క్రొత్త చదువరులను ఆపి, ఉన్న చదువరులు తొలగిన పిమ్మట ఎక్స్‌క్లూజివ్ పట్టి ఫైలును మార్చును. ఈ అయిదు మెట్ల విధానము 2004లో వచ్చిన మూడవ వెర్షనుతో స్థిరపడినది. లాకు లేని స్థితిని మొదటి మెట్టుగా లెక్కించుచున్నాను.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలసియున్నది. ఈ లాకులు ఫైలులో నుండవు. ఆపరేటింగు సిస్టము జ్ఞాపకములో నుండును. పట్టుకొన్న ప్రాసెసు మరణించినంతనే అవియు తొలగిపోవును. అందుచేతనే యంత్రమును రీస్టార్టు చేసినపుడు దోషము మాయమగును: పట్టుకొన్నవాడు కూడ ఆ రీస్టార్టులో పోయెను గనుక. ఈ సంగతి తెలియనివారు డేటాబేసు ప్రక్కన జర్నల్ అనియు, వాల్ అనియు ముగియు పేర్లతో కనబడు ఫైళ్లను చూచి, ఇవియే తాళములని భ్రమించి, తొలగించివేయుదురు. ఇది మహాపరాధము. ఆ ఫైళ్లు తాళములు కావు. మధ్యలో విద్యుత్తు పోయినయెడల పూర్వస్థితికి మరలించుటకు వలసిన పుటలు జర్నల్‌లో నుండును. కమిట్ అయియు ఇంకను ప్రధానఫైలునకు చేరని వ్రాతలు వాల్‌లో నుండును. వానిని తొలగించుట, నిన్నటి లావాదేవీలను మన చేతులతో మనమే చెరపివేయుట. ఈ సభనుండి మీరు ఒక్క మాటయే జ్ఞాపకముంచుకొందురేని, ఈ మాటను ఉంచుకొనుడు.

ఇక నేను దగ్గరనుండి చూచిన యొక ఉదంతము. ఒక పల్లెలో పాలసేకరణ కేంద్రము కలదు. దాని పేరుతో మనకు పనిలేదు. తెల్లవారుజామున రైతులు క్యాన్లతో వరుసకట్టెదరు. పాలు తూకమునకు ఎక్కును, యంత్రము ఫ్యాట్ శాతమును తేల్చును, ఒక ప్రాసెసు ఆ రెండు అంకెలను డేటాబేసులో వ్రాసి చీటీ ముద్రించును. అదే యంత్రములో మరొక ప్రాసెసు కొన్ని నిమిషముల కొకసారి మేల్కొని క్రొత్త చీటీలను ప్రధాన కార్యాలయమునకు పంపును. మూడవది రైతుల ఖాతాలను సరిచూచి చెల్లింపులను లెక్కకట్టును. నాలుగవది రాత్రివేళ ఫైలునకు నకలు తీయును. కేంద్రములోని ఇబ్బంది యేమనగా, రద్దీ వేళలో అప్పుడప్పుడు చీటీ రాక, తెరమీద మన వాక్యము ప్రత్యక్షమగును. తూకము వేయు కుర్రవాడు మరల తూచును, రైతు విసుగుకొనును. ప్రోగ్రాము వ్రాసినవారు తూకపు ప్రాసెసునే పదేపదే పరీక్షించి, అందు తప్పు కానక, నిరీక్షించు గడువును పైతాన్‌లో సహజముగా నుండు 5 సెకండ్లనుండి 30 సెకండ్లకు పెంచిరి. దోషవాక్యములు తగ్గినవి. కాని వరుస పెరిగినది. మునుపు తప్పు చూపి ఆగిపోయిన చోట ఇప్పుడు ఏ మాటయు చెప్పక ఆగిపోవుచుండెను.

గడువును పెంచుట తప్పని నేను అనను. సున్నా గడువుతో నడచు ప్రోగ్రాము క్షణకాలపు తాకిడికే కూలిపోవును. సీ భాషలో ఎస్‌క్యూలైట్‌ను సూటిగా వాడువారికి ఆ సున్నాయే సహజస్థితి యని మరువరాదు. కాని ఆరోగ్యముగా నున్న వ్యవస్థలో ఒక వ్రాత కొన్ని మిల్లీసెకండ్ల పని. ఎదుటివాడు అయిదు సెకండ్లలో కూడ లాకు విడువలేదనిన, వాడు వ్రాయుట లేదు, పట్టుకొని కూర్చున్నాడని అర్థము. అట్టి స్థితిలో గడువును పెంచుట నిదానము చేయకయే లక్షణమును అణచుట.

కనుక పట్టుకొన్నవానిని వెదకవలెను. లినక్సులో ఇందుకు చక్కని సాధనము కలదు. ప్రోక్ అను డైరెక్టరీలో లాక్స్ అను పేరుగల ఫైలును తెరచిన, ఆ క్షణమున యంత్రములో నున్న ఫైలు లాకులన్నియు వరుసగా కనబడును: లాకు చదువుకా వ్రాతకా, పట్టిన ప్రాసెసు సంఖ్య, ఫైలు యొక్క ఐనోడు సంఖ్య, చివర లాకు ఆరంభమైన బైటు, ముగిసిన బైటు. మన డేటాబేసు ఐనోడు గల పంక్తిలో చివరి రెండు అంకెలును 1073741825 అయినచో, అది ఒక గిగాబైటు దాటిన రెండవ బైటు, అనగా రిజర్వ్‌డ్ లాకు. ఆ పంక్తిలోని ప్రాసెసు సంఖ్యయే మనము వెదకు వ్యక్తి. 1073741826తో ఆరంభమై 1073742335తో ముగియు పంక్తులు చదువరులవి. సెకండున కొకసారి ఈ ఫైలును చదివి, కాలముతో సహా నమోదు చేయు చిన్న స్క్రిప్టును ఆ కేంద్రములో ఒక ఉదయమంతయు నడిపితిమి. తూకపు ప్రాసెసు మొరపెట్టుకొన్న ప్రతి పర్యాయమును, అంతకు కొన్ని సెకండ్ల ముందునుండియు ఆ 1073741825 ప్రక్కన ఒకే సంఖ్య నిలిచియుండెను. అది చీటీలను పంపు ప్రాసెసుది. దాని లాగులో ఎన్నడును ఒక్క దోషమైనను లేదు. అందరును దానిని నిర్దోషిగా ఎంచుటకు అదియే కారణము.

ఆ ప్రోగ్రాములో జరుగుచున్నది ఇది. మొదట పంపవలసిన చీటీలకు ‘పంపబడినది’ అను గుర్తు పెట్టును. పిదప నెట్‌వర్కు ద్వారా ప్రధాన కార్యాలయమునకు పంపును. అచ్చటినుండి సమ్మతి వచ్చిన పిమ్మట కమిట్ చేయును. రానియెడల రోల్‌బ్యాక్ చేయును. చదువుటకు ఎంత యుక్తియుక్తముగా నున్నది! పంపుటయు గుర్తు పెట్టుటయు విడిపోరాదను సదుద్దేశమే ఇందు కనబడుచున్నది. కాని పల్లెలోని నెట్‌వర్కు సమ్మతి తెచ్చుటకు ఒకప్పుడు అరసెకండు, మరొకప్పుడు అరనిమిషము పట్టును. ఆ కాలమంతయు రిజర్వ్‌డ్ లాకు దాని చేతిలోనే. మరొక సూక్ష్మము: ఆ ప్రోగ్రాములో బిగిన్ అను మాటయే లేదు. పైతాన్ వారి ఎస్‌క్యూలైట్ మాడ్యూలు, మనము అడుగకయే, అప్‌డేట్ గాని ఇన్‌సర్ట్ గాని రాగానే తానే ట్రాన్సాక్షనును తెరచును. మూయుట మాత్రము మన పని. తాను తెరవని తలుపును మూయవలెనని ఎవనికి తోచును? అందుచేత ‘మా ప్రోగ్రాములో ట్రాన్సాక్షనులే లేవు’ అని ఎవరైనను చెప్పినపుడు, వాడుచున్న మాడ్యూలు ఏమి చేయుచున్నదో పరీక్షింపక విశ్వసింపరాదు.

చికిత్స సులభము. పంపవలసిన చీటీలను చదివి, చదువును ముగించి, ఏ ట్రాన్సాక్షనును చేతిలో లేకుండ నెట్‌వర్కు పని చేసి, సమ్మతి వచ్చిన పిమ్మట గుర్తు పెట్టి తక్షణము కమిట్ చేయవలెను. అట్లు చేసిన, సమ్మతి వచ్చినను గుర్తు పెట్టకమునుపే విద్యుత్తు పోయినచో, అదే చీటీ రెండుసార్లు చేరునే యను సందేహము న్యాయమైనదే. దానికి సమాధానము అవతలివైపున నుండవలెను: ప్రతి చీటీకిని కేంద్రముతో కూడిన ఏకైక సంఖ్య యుండి, ప్రధాన కార్యాలయపు డేటాబేసులో ఆ సంఖ్యపై యూనీక్ నిబంధన యున్నచో, రెండవసారి వచ్చినది ఖాతాకు ఎక్కదు. లాకును అరనిమిషము పట్టుకొనుట వలన లభించునని వారు తలచిన భద్రత నిజమునకు ఎన్నడును లభింపలేదు. ప్రధాన కార్యాలయము స్వీకరించి, సమ్మతి మాత్రము దారిలో పోయినపుడు, ఆ పాత విధానములోను చీటీ రెండుసార్లు పోయెడిదే.

ఇంతటితో కథ ముగియలేదు. చెల్లింపుల ప్రాసెసు అప్పుడప్పుడు మొరపెట్టుకొనుచునే యుండెను. అదియు గడువు 30 సెకండ్లుండగా, ఒక్క సెకండైనను నిరీక్షింపకయే. ఈ లక్షణమును గుర్తుంచుకొనుడు: గడువు పెద్దదై యుండియు దోషము తత్‌క్షణమే వచ్చినచో, వ్యాధి వేరు. ఆ ప్రాసెసు ఖాతా నిలువను చదివి, లెక్కకట్టి, అదే ట్రాన్సాక్షనులో వ్రాయును. ఎస్‌క్యూలైట్‌లో బిగిన్ అనినంత మాత్రమున ఏ లాకును పట్టబడదు. చదివినపుడు షేర్డ్, వ్రాసినపుడు రిజర్వ్‌డ్. ఇట్లు రెండు ప్రాసెసులు ఒకేసారి చదివి షేర్డ్ పట్టినవనుకొందము. ఒకటి ముందుగా రిజర్వ్‌డ్ పట్టినది. అది కమిట్ చేయవలెనన్న, రెండవదాని షేర్డ్ తొలగవలెను. రెండవది వ్రాయవలెనన్న, మొదటిదాని రిజర్వ్‌డ్ తొలగవలెను. ఇరువురును మర్యాదగా నిరీక్షించిన, ప్రళయము వరకు నిరీక్షింతురు. పట్టినది విడువక మరొకదానికై వేచియుండుట, బలవంతముగా విడిపించువాడు లేకపోవుట, నిరీక్షణ వలయాకారమగుట మొదలగు లక్షణములను 1971లో కాఫ్‌మన్ ప్రభృతులు డెడ్‌లాక్‌నకు ఆవశ్యక నియమములుగా పేర్కొనిరి. ఎస్‌క్యూలైట్ ఆ వలయమును గ్రహించి, రెండవదానిని నిరీక్షింపనీయకయే వెనుకకు పంపివేయును. ఆ వెనుకకు పంపుటయే మన తక్షణ దోషము.

వాల్ విధానములో ఇదే వ్యాధి మరొక రూపము దాల్చును. ఒక ప్రాసెసు చదివిన పిమ్మట, అది వ్రాయబోవు లోపల మరొకడు వ్రాసి కమిట్ చేసినచో, మొదటిదాని చేతిలో నున్నది పాత చిత్రము. దానిమీద వ్రాయనిచ్చిన, నేను మొదట చెప్పిన 310 రూపాయల నష్టమే పునరావృతమగును. కావున ఎస్‌క్యూలైట్ 517వ సంఖ్యగల దోషమును తెలిపి నిరాకరించును. ఎంత నిరీక్షించినను పాత చిత్రము క్రొత్తది కానేరదు గనుక, గడువు ఇచ్చట నిష్ప్రయోజనము. రెండు రూపములకును మందు ఒక్కటే: వ్రాయుదునని ముందే తెలిసిన ట్రాన్సాక్షనును బిగిన్ ఇమీడియట్ అని ఆరంభింపవలెను. అప్పుడు వ్రాతలాకు మొదటనే కోరబడును. దొరకనిచో, చేత ఏమియు పట్టుకొనకయే గడువు మేరకు నిరీక్షింపవచ్చును. దొరికిన పిమ్మట చదివినది ఎవ్వరును మార్చలేరు. చెల్లింపుల ప్రాసెసులో మార్చినది ఆ యొక్క మాటయే.

వాల్ విధానమును ప్రస్తావించితిని గనుక దాని గుణదోషములు కొంత చెప్పవలెను. 2010లో 3.7.0 వెర్షనుతో వచ్చిన ఈ విధానములో వ్రాతలు ప్రధానఫైలునకు సూటిగా పోక, ప్రక్కనున్న లాగుఫైలు చివర చేరును; అందుచేత చదువరులు వ్రాయువానిని గాని, వ్రాయువాడు చదువరులను గాని ఆపరు. అనేక సందర్భములలో ఈ యొక్క మార్పుతోనే దోషములు చాలవరకు తగ్గును. కాని వ్రాయువాడు ఇచ్చటను ఒక్కడే. ‘వాల్ పెట్టితిమి, ఇక నలుగురు వ్రాయవచ్చును’ అనుకొనువారు పొరబడుచున్నారు. లాకులు ఇప్పుడు ప్రక్కనున్న షేర్డ్ మెమరీ ఫైలులో నుండును. ప్రోక్ పట్టికలో ఆ ఫైలు ఐనోడును వెదకి, 120వ బైటు మీది వ్రాతలాకును చూడవలెను. లాగుఫైలు 1000 పుటలు చేరినపుడు చెక్‌పాయింటు జరిగి పుటలు ప్రధానఫైలునకు తరలును గాని, ఏ చదువరియైనను ఒక నివేదికను తెరచి సగములో విడిచి, ఆ పాత చిత్రమును పట్టుకొని గంటలతరబడి కూర్చున్నచో, చెక్‌పాయింటు పూర్తికాక లాగు పెరుగుచునే యుండును. ఇచ్చటను కారకుడు మౌనియే.

నకలు తీయు నాలుగవ ప్రాసెసును మరువలేదు. అది డేటాబేసు ఫైలును మామూలు ఫైలువలె కాపీ చేయుచుండెను. వ్రాత నడుచుచుండగా అట్లు తీసిన నకలు సగము పాతది సగము క్రొత్తది కావచ్చును. వాల్ ఫైలును విడిచి తీసినయెడల చివరి చీటీలు అందుండవు. ఎస్‌క్యూలైట్ వారి బ్యాకప్ సదుపాయము గాని, వాక్యూమ్ ఇంటూ ఆజ్ఞ గాని ఇందుకు ఉచితము.

దీనికంటె భయంకరమైన ప్రమాదము వేరొకటి కలదు. అది లాకు దోషము రావలసిన చోట రాకపోవుట. పోసిక్స్ నియమముల ప్రకారము, ఒక ప్రాసెసు ఏ ఫైలునైనను రెండుసార్లు తెరచి, అందొకదానిని మూసినయెడల, ఆ ఫైలుపై ఆ ప్రాసెసునకు గల లాకులన్నియు తొలగిపోవును. డేటాబేసు తెరచియుండగా, అదే ప్రాసెసు ఏ పరిమాణము కొలుచుటకో చెక్‌సమ్ తీయుటకో ఆ ఫైలును విడిగా తెరచి మూసెనా, తాను లాకులో నున్నానని నమ్ముచునే లాకు లేకుండ వ్రాయును. నెట్‌వర్కు ఫోల్డరులో డేటాబేసును ఉంచి రెండు మూడు యంత్రములనుండి వ్రాయించుట కూడ ఇట్టిదే. అట్టి ఫైలు వ్యవస్థలలో లాకులు పెక్కుచోట్ల నమ్మదగినవి కావు. వాల్ విధానము షేర్డ్ మెమరీపై ఆధారపడినది గనుక అచ్చట పనిచేయదు. దోషము కనబడుట లేదు గదా యని సంతోషించువారికి, ఒక ఉదయము ‘డేటాబేస్ డిస్క్ ఇమేజ్ ఈజ్ మాల్‌ఫార్మ్‌డ్’ అను వాక్యము ఎదురగును. లాకు దోషము దానిముందు అనుగ్రహము.

సర్వరు గల డేటాబేసులలో పనిచేయువారు ఇది తమకు సంబంధింపదని తలపవలదు. పోస్ట్‌గ్రెస్‌లోను మైఎస్‌క్యూఎల్‌లోను లాకులు ఫైలంతటికిని గాక వరుసలకు పడును. తాకిడి తగ్గును, తత్త్వము మారదు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ బ్లాకింగ్ పిడ్స్ అను ఫంక్షనునకు నిరీక్షించువాని సంఖ్య ఇచ్చిన, ఆపుచున్నవాని సంఖ్య చెప్పును. అట్లు దొరికినవాని స్థితి ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని కనబడుట నేను పలుమారులు చూచితిని. ట్రాన్సాక్షనును తెరచి, ఏ పనియు చేయక, ప్రోగ్రాములో మరెక్కడనో తిరుగుచున్నాడన్నమాట. పాలకేంద్రపు ప్రాసెసునకు ఇతడు అన్నదమ్ముడు. ఇన్నోడీబీలో రెండు సంఖ్యలను వేరుచేసి గ్రహింపవలెను. 1213 డెడ్‌లాక్, అప్పుడు మొత్తము ట్రాన్సాక్షను రద్దగును. 1205 గడువు తీరుట. ఆ గడువు సహజముగా 50 సెకండ్లు. అప్పుడు రద్దగునది చివరి వాక్యమొక్కటియే, ముందు చేసిన మార్పులును పట్టిన లాకులును అట్లే యుండును. ఈ భేదము నెరుగక, 1205 వచ్చిన తోడనే చివరి వాక్యము పోయిన సంగతి విస్మరించి కమిట్ చేసినవారి ఖాతాలు సగము సగముగా మిగులును. రెండు ఖాతాలను మార్చవలసిన ప్రతి ప్రోగ్రామును ఖాతాసంఖ్యల ఆరోహణక్రమముననే వానిని తాకవలెనను నియమము పెట్టుకొనిన, ఆ ఖాతాల విషయమున వలయమే ఏర్పడదు.

మరల ప్రయత్నించుటను గూర్చి ఒక్క మాట. దోషము వచ్చినపుడు చివరి వాక్యమును మాత్రము మరల పంపుట తప్పు; చదివిన అంకెలు పాతబడియుండవచ్చును గనుక, రోల్‌బ్యాక్ చేసి, ట్రాన్సాక్షనును మొదటినుండి, చదువుతో సహా, మరల నడుపవలెను. రెండు ప్రయత్నముల నడుమ విరామము ప్రతిసారియు పెరుగవలెను; అందరును ఒకే విరామము తరువాత ఒకేసారి మీద పడకుండ, అందు కొంత యాదృచ్ఛికత యుండవలెను.

ఆ కేంద్రములో ఇపుడు ప్రతి ట్రాన్సాక్షనును ఎంతసేపు లాకు పట్టినదో కొలిచి లాగులో వ్రాయుచున్నారు. 200 మిల్లీసెకండ్లు మించినచో, పట్టుకొన్న ప్రాసెసే తన పేరును తానే నమోదు చేసికొనును. తూకములు రెండు గాని మూడు గాని అయిన దినమున, వ్రాతలన్నిటిని ఒక్క ప్రాసెసునకు అప్పగించి, మిగిలినవి దానికి వరుసలో విన్నవించునట్లు చేయుదురా, లేక పోస్ట్‌గ్రెస్‌నకు మారుదురా యని నన్ను అడిగిరి. వ్రాయువారందరును ఒకే యంత్రములో నున్నంత కాలము మొదటిది చాలును. రెండవ యంత్రమునుండి వ్రాయవలసివచ్చిన నాడు, ఫైలును నెట్‌వర్కు ఫోల్డరులోనికి జరుపక, సర్వరునే ఆశ్రయింపుడని చెప్పితిని.